ఆమె పలకరించని మనిషి

చియూ దెషెంగ్ చెప్పిన అబద్ధం బాగానే ఉంది. లోపం ఒక్కటే. ఆ కౌన్సెలింగ్ గదుల్లో కుళాయి అన్నదే లేదు.

డిటెక్టివ్ పాన్ సుయిన్ స్థలం పటాన్ని బల్ల మీద అతని వైపు తిప్పింది.

"ఇది ముందు గది. ఇది లోపలి గది. ఇవి వెనక మెట్లు. బాత్‌రూమ్ కింది అంతస్తులో, టైలరు షాపు పక్కన. నిన్న సాయంత్రం నుంచీ మీరు బాగుచేస్తున్న కుళాయి ఎక్కడుందో చూపించండి."

దెషెంగ్ పటం వైపు చూడలేదు. తైనాన్ సిటీ బస్సు డ్రైవరు, యాభై దాటిన మనిషి. రక్తపు మరకల చొక్కాని సాక్ష్యంగా తీసేసుకున్నారు కాబట్టి స్టేషన్ వాళ్లిచ్చిన టీషర్టులో ఉన్నాడు. అది అతనికి రెండు సైజులు చిన్నది.

నిన్న రాత్రి కౌన్సెలర్ లియావ్ యాహుయ్ తన గది వెనక మెట్ల కింద తల పగిలి పడి ఉంటే అంబులెన్సుకి ఫోన్ చేసింది ఇతనే. ఆమె ఇంకా కళ్లు తెరవలేదు. నువ్విక్కడికెందుకొచ్చావని అడిగితే కుళాయి బాగుచెయ్యడానికన్నాడు. ఎప్పుడొచ్చావంటే సాయంత్రమే వచ్చానన్నాడు. సిటీ పోలీసు బ్యూరో నుంచి దిగిన ఆఫీసరు కో చెంగ్‌వెయ్‌కి ఆ రెండు ముక్కలూ చాలు. ఐదింటికి ఇతన్ని ప్రాసిక్యూటర్ ముందు పెడతాడు. 'కౌన్సెలర్ మీద దాడి చేసిన డ్రైవర్' మొహం కోసం గేటు దగ్గర టీవీ కెమెరాలు అప్పుడే కాచుక్కూర్చున్నాయి.

"అక్కడికి జనం ఎందుకెళ్తారో నాకు తెలుసు," అంది సుయిన్. "మీ బాధేంటని నేనడగను. కౌన్సెలింగ్‌కి వెళ్లారా, లేదా? అదొక్కటే."

"చెబితే సాయంత్రానికి డిపో అంతా పాకుతుంది. పిచ్చోడి చేతికి బస్సిచ్చారంటారు."

"చెప్పకపోతే సాయంత్రానికి ఊరంతా హంతకుడంటుంది. డిపోయే నయం కదా?"

దెషెంగ్ పటాన్ని పక్కకి జరిపాడు.

"రెండేళ్ల కిందట నా బస్సు కింద ఒక ముసలాయన పడ్డాడు. తప్పు నాది కాదని తేల్చారు. కానీ ఆ మలుపు దగ్గరికి రాగానే నా కాలు బ్రేకు మీద కొయ్యబారిపోతుంది. మా ఆవిడకి కూడా తెలీదు. మంగళవారం బ్యాడ్మింటన్‌కి వెళ్తున్నానని చెబుతా."

"బ్యాటు ఎక్కడ పెడతారు?"

"లియావ్ టీచర్ గారి ముందు గదిలో, మూలన." అతని మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "ఇన్నాళ్లు ఆడినా పొట్ట తగ్గదేంటని మా ఆవిడ రోజూ దెప్పుతుంది."

ఆ తర్వాత మాట దానంతటదే వచ్చింది. ఆరు యాభై ఐదుకి డ్యూటీ దిగాడు. డిపో నుంచి నడిచి వచ్చాడు. అతని వంతు ఏడుంబావుకి. ముందు గదిలో కూర్చునేసరికి లోపలి తలుపు దగ్గర హోరు పెట్టె మోగుతోంది.

"హోరు పెట్టె అంటే?"

"చిన్న డబ్బా. ఫ్యాను తిరిగినట్టు హోరుమంటుంది. లోపలి మాటలు బయట కూర్చున్నవాళ్ల చెవిన పడకుండా పెడతారు. లోపల ఎవరైనా ఉన్నప్పుడే నొక్కుతారావిడ. వాళ్లు వెళ్లగానే ఆపేస్తారు. అది మోగుతోందంటే ఇంకొకరి వంతు అవలేదనుకుని కూర్చున్నా. ఏడుంబావు దాటింది. ఆవిడ ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వరు. తలుపు కొట్టి వెళ్లి చూస్తే గది ఖాళీ. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది."

"లోపలున్నది ఎవరో చూడలేదా?"

"ఎలా చూస్తాం? రావడం ముందు నుంచి, పోవడం వెనక మెట్ల మీంచి. ఒకరి మొహం ఒకరికి కనబడకూడదనే కదా ఆవిడ రెండు తలుపుల ఇల్లు వెతుక్కుని తీసుకుంది."

"మీరూ ఆవిడా బయటెక్కడైనా కలిసేవారా?"

"వారానికి నాలుగుసార్లు నా బస్సే ఎక్కేవారు. దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి థాంక్స్ చెబుతారా, ఆవిడ మాత్రం బస్సు కార్డు తాకించి గోడని దాటినట్టు దాటిపోయేవారు. మొదటి రోజే చెప్పారులెండి. 'బయట కనబడితే నేను ముందుగా పలకరించను. ఆవిడెవరని పక్కవాళ్లు అడిగితే ఇబ్బంది పడేది మీరు. మీరు పలకరిస్తే మాత్రం పలుకుతాను' అని." అతను ముక్కు తుడుచుకున్నాడు. "ఒకరోజు నేనే 'చూసి దిగండి టీచర్' అన్నాను. ఎంత సంతోషంగా తలూపారో."

సుయిన్ లేచింది. "ఇందులో నేను బయట ఎంత చెప్పొచ్చు?"

అలా అడుగుతారని అతను అనుకోలేదు. "డ్యూటీ దిగిన టైము చెప్పండి. మిగతాది..."

"మిగతాది మీదే."

నడవలోంచే డిపోకి ఫోన్ చేసింది. కార్డు గీకిన టైము ఆరు యాభై ఐదు. కానీ లియావ్ ఎదురింట్లో ఉండే సాక్షి ఫాంగ్ జూన్‌హాన్ వాంగ్మూలంలో, డ్రైవరు ఆమె గది మెట్లెక్కింది ఆరూ నలభై ఐదుకి. చెత్తబండి వెళ్లీ వెళ్లగానే.

ఇద్దరిలో ఒకరి గడియారం తప్పు. లేదా ఒకరి నోరు తప్పు.

*

లియావ్ లోపలి గదిలో ఇనుప బీరువాకి ఆనించి వేసుకున్న కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని జామకాయ కోస్తోంది. పొట్టి తెల్ల జుట్టు, మోకాళ్ల మీద పరిచిన చేతిరుమాలు. పేరు షెన్ బీయూన్. లియావ్ లాగే సొంతంగా గది నడుపుకునే కౌన్సెలరు. ఇద్దరిలో ఎవరికేమైనా రెండోవాళ్లు తాళాలు తీసుకుని, వచ్చేవాళ్లకి కబురు చెప్పాలని ఏడేళ్ల కిందటే రాసుకున్నారు. పొద్దుట్నుంచీ ఆవిడ అదే చేస్తోంది. ప్రతి ఫోన్లోనూ ఒకటే మాట: "ఈ వారం లేదండీ. మీకు అవసరమైతే నేనున్నాను."

"తిన్నారా?" అంది సుయిన్‌ని చూసి, ఒక ముక్క అందిస్తూ.

సుయిన్ ముక్క అందుకుని తలుపు దగ్గర వంగింది. హోరు పెట్టె ఇంకా మోగుతూనే ఉంది. ముట్టుకోవద్దని పోలీసులు చెప్పారట. గుమ్మం పక్కన చెప్పుల అర. అందులో లియావ్ ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులు జతగా, శుభ్రంగా ఉన్నాయి. మెట్ల కింద దొరికినప్పుడు ఆమె కాళ్లకి ఉన్నవి వీధి చెప్పులు. గదిలో చాప మీద మట్టి జాడ, ముందు గుమ్మం నుంచి వెనక తలుపు దాకా.

"షెన్ టీచర్, ఆవిడ వీధి చెప్పులతో ఈ చాప తొక్కుతుందా?"

"యాహుయ్? భూకంపం వచ్చినా చెప్పులు మార్చుకునే బయటికి పరిగెడుతుంది."

అంటే మార్చుకునే వ్యవధి లేదు. ఆ వేళకి ఆమె చెత్త వేసి వస్తూ ఉండాలి, చెత్తబండి దగ్గర్నుంచి ఆమె వెనకాలే ఎవరో ఎక్కి వచ్చారు. వంతు లేని మనిషి, రాకూడని మనిషి. అయినా అతని మాటలు ఇంకొకరి చెవిన పడకూడదని ఆమె చెయ్యి అలవాటుగా ఆ మీట నొక్కింది.

"సుయిన్ అక్కా! ట్రాఫిక్ కేసులు అయిపోయినట్టున్నాయే?"

కో చెంగ్‌వెయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పోలీసు కాలేజీలో ఆమెకి రెండేళ్లు జూనియరు. ఇప్పుడు హోదాలో రెండు మెట్లు పైన. అక్కా అనే పిలుపు మాత్రం మానలేదు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, ఎత్తిపొడుపు అంత.

"అవలేదు. కింద నీ కారు అడ్డంగా పెట్టావు. దాంతో మొదలెట్టనా?"

కో నవ్వి బీరువా మీద వేళ్లతో తట్టాడు. "నాలుగింటికి వారంటు వస్తుంది. ఈ బీరువాలో డ్రైవరుగారి కాగితాలుంటాయి. కోపిష్టి అని ఒక్క ముక్క దొరికితే కేసు మూత పడినట్టే."

"వారంటులో ఎవరి పేరుంటే వాళ్లవే ఇస్తాను, కోర్టు అడిగినంత మేరకే," అంది షెన్. "మిగతావి తాకనివ్వను."

"అతను ఇక్కడికి వచ్చేవాడా, కాదా? అదైనా చెప్పండి పెద్దమ్మా."

"అవునని చెప్పను. కాదనీ చెప్పను."

"మా కమిషనర్ వస్తాడా?"

"దానికీ అదే జవాబు."

"ప్రపంచం మునిగినా ఇంతేనా?"

షెన్ జామకాయ గింజలు ఒబ్బిడిగా రుమాల్లోకి తీసింది. "ఒక మనిషి ప్రాణానికి ముప్పు వస్తోందంటే నోరు విప్పుతాం. మొదటి రోజే వచ్చినవాళ్లకి ఆ మాట కూడా చెబుతాం."

"మీ స్నేహితురాలి ప్రాణం మీదికే వచ్చింది కదా!"

"వచ్చేసింది. మీరడిగేది జరిగిపోయిన దాని గురించి. నేను చెప్పేది జరగబోయే దాని గురించి."

"ఇక జరగబోయేదేం లేదులెండి. మనిషి లాకప్‌లో ఉన్నాడు. అందుకే ఆసుపత్రి గది ముందున్న కానిస్టేబుల్ని కూడా పంపేశాను."

షెన్ చేతిలో కత్తి ఆగింది. "మళ్లీ పెట్టండి."

"ఎందుకో చెప్పండి, పెడతాను."

ఆవిడ చూపు బీరువా మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ చూపులో ఒక పేరు ఉందని సుయిన్‌కి అర్థమైంది. అది దెషెంగ్ పేరు కాదనీ అర్థమైంది. లాకప్‌లో ఉన్నవాడి భయానికైతే కాపలా ఎందుకు?

"డ్రైవరు ఆరు యాభై ఐదుకి డిపోలో ఉన్నాడు," అంది కో వైపు తిరిగి. "నువ్వే ఫోన్ చేసి కనుక్కో."

"కార్డు ఇంకెవడైనా గీకి ఉండొచ్చు. నాకు కళ్లారా చూసిన సాక్షి ఉన్నాడక్కా."

"ఆ కళ్లేవో నేనూ చూసొస్తాను."

మెట్లు దిగుతూ స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఆసుపత్రికి పంపడానికి మనిషి దొరికేసరికి గంట పడుతుందన్నారు.

*

ఫాంగ్ జూన్‌హాన్ వాకిట్లో స్కూటరు ముందు పళ్లబుట్టని తాడుతో కడుతున్నాడు. నలభై లోపు, నున్నగా గీసిన గడ్డం, మెత్తటి గొంతు. ఇంట్లోంచే ప్రకటనల బొమ్మలు వేస్తాడు. ఈ సందులోకి వచ్చి మూడు నెలలైంది.

"ఆరూ నలభై ఐదు అని అంత కచ్చితంగా ఎలా చెప్పారు?"

"చెత్తబండి పాట అప్పుడే ఆగింది కదండీ. చెత్త వేసి నేరుగా ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చున్నా. అతను పైకెళ్లాడు. కాసేపటికి కేక వినబడింది."

"ఇంకెవరూ ఎక్కలేదా?"

"పిల్లి కూడా ఎక్కలేదు."

"లియావ్ టీచర్‌తో మీకు పరిచయమా?"

ఫాంగ్ చిన్నగా నవ్వాడు. "పరిచయమా! మూడు నెలలుగా ఎదురుబొదురు ఉంటున్నాం. ఒక్కనాడు తిన్నావా అని కూడా అడగలేదు. నేనసలు ఈ లోకంలో లేనట్టే. చదువుకున్నవాళ్ల గర్వం అనుకున్నాను. పోనీలెండి, కష్టంలో ఉంది కదా, ఒకసారి చూసొద్దామని."

"ఆసుపత్రి గది నంబరు తెలుసా?"

"కో సార్ చెప్పారు. చాలా మంచాయన." తాడు ముడి బిగించి, హెల్మెట్టు పెట్టుకుని, వంగి నమస్కరించి వెళ్లిపోయాడు.

సాక్షి మర్యాదస్తుడే. అబద్ధమని తెలిసినా అబద్ధానికి కారణం కనబడలేదు. ముక్కూ మొహం తెలియని ఆవిడకి ఇతను చెడు ఎందుకు తలపెడతాడు?

*

సందు మొగలో పేట పెద్ద గువో అమ్మ ఇల్లు. ఆవిడ గోడ మీది కెమెరా సరిగ్గా చెత్తబండి ఆగే చోటుని చూస్తుంది.

"ఎవరు సీసాలు వేరు చెయ్యకుండా పారేస్తారో పట్టుకోడానికి పెట్టించా," అంది గువో అమ్మ తెర ముందు కుర్చీ లాగుతూ. "ఒక్కరోజైనా దొంగ దొరకలేదు. నీకైనా దొరుకుతాడేమో చూడు తల్లీ."

నిన్న సాయంత్రం. శబ్దం లేని బొమ్మ. పచ్చ రంగు చెత్తబండి ఆగింది, సందు సందంతా సంచులతో బయటికొచ్చింది. లియావ్ యాహుయ్ వీధి చెప్పులతో వచ్చింది. కర్ర పట్టుకున్న ముసలాయన సంచి అందుకుని బండిలో వేసింది. గువో అమ్మ భుజం తట్టి ఏదో అడిగింది. ఒకావిడ చంకలోని కుక్కపిల్ల చెవి నిమిరింది. అప్పుడు ఫాంగ్ వచ్చి ఆమె పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడ్డాడు. లియావ్ మొహం తిప్పి బండి చక్రాల వైపు చూస్తూ ఉండిపోయింది.

"మొన్నటిది పెట్టండి."

మొన్నా అంతే. అటు మొన్నా అంతే. సందులో కుక్కతో సహా అందరికీ ఒక మాట, ఇతనికి మాత్రం వీపు.

"ఇది మాకూ అంతుపట్టలేదు," అంది గువో అమ్మ. "ఆయన సామాను దింపిన రోజు మేమంతా పళ్లు పట్టుకుని వెళ్లాం. ఆవిడ మాత్రం కిటికీ తెర లాగేసుకుంది. అంతకుముందు ఆయన మొహమైనా చూసి ఉండదు. అప్పుడే ఏం కోపం?"

సుయిన్ బొమ్మని ఆపింది.

గోడని దాటినట్టు దాటిపోయేవారు, అన్నాడు దెషెంగ్. లోకమంతటినీ పలకరించే మనిషి ఈ భూమ్మీద ఒక్క రకం వాళ్లనే పలకరించదు. గర్వంతో కాదు, ద్వేషంతో కాదు. వాళ్లు తన ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్లు కాబట్టి. పరిచయం లేదనడానికి ఫాంగ్ చూపించిన రుజువే అతని పరిచయానికి రుజువు. ఆమె మూడు నెలలు కాపాడిన మౌనాన్ని తెచ్చి తనకి గొడుగులా పట్టుకున్నాడు.

"నిన్నటిదే చివరిదాకా పోనివ్వండి."

బండి కదిలింది. జనం చెదిరారు. లియావ్ తన మెట్ల వైపు నడిచింది. ఫాంగ్ ఇల్లు ఎడమ పక్క. అతను కుడి పక్కకి, ఆమె వెనకాలే, తెర అంచు దాటి వెళ్లిపోయాడు.

*

కో ఇంకా అక్కడే ఉన్నాడు, గడియారం చూసుకుంటూ. హోరు పెట్టె మోగుతూనే ఉంది. సుయిన్ అతన్ని దాటి నేరుగా షెన్ కుర్చీ ముందు మోకాలి మీద కూర్చుంది.

"టీచర్, ఒక పేరు చెబుతాను. ఫాంగ్ జూన్‌హాన్. ఇక్కడికి వచ్చేవాడా?"

"అవునని చెప్పను. కాదనీ చెప్పను." గొంతు అదే. రుమాలు మాత్రం వేళ్ల మధ్య నలిగిపోతోంది.

"అయితే ఇది వినండి. అతను ఇప్పుడు పళ్లబుట్టతో ఆసుపత్రికి వెళ్లాడు. గది నంబరు అతనికి తెలుసు. గది ముందు కాపలా లేదు."

షెన్ బీయూన్ కత్తిని రుమాలు మీద పెట్టింది.

"ఏడాది పాటు వచ్చాడు," అంది. "యాహుయ్ తనదేనన్నాడు. ఆమె అతని వంతులు ఆపేసి, వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపింది. నెల తిరక్కుండా ఎదురిల్లు అద్దెకి తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తేల్చుకోడానికి ఆమె నా దగ్గరికి వచ్చేది. పోయిన వారం అతను ఆమెతో ఒక మాటన్నాడు. 'నువ్వు నన్ను ఎప్పటికీ పలకరించకపోతే, ఇంకెవర్నీ పలకరించలేవు' అని. కాపలా ఉందన్న ధైర్యంతో ఇంతసేపు ఆ పేరు మింగాను. ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను, కాగితం మీద రాసిస్తాను. వెళ్లండి!"

కో మొహం పాలిపోయింది. "అక్కా... నంబరు నేనే..."

"తర్వాత ఏడువు. కారు తియ్యి."

అతను మూడేసి మెట్లు దూకుతూ దిగాడు. సుయిన్ వెనకే పరిగెడుతూ వార్డుకి ఫోన్ కలిపింది. పలికిన నర్సు గొంతు తీరిగ్గా, హాయిగా ఉంది.

"లియావ్ టీచర్ గారా? మంచి కబురు మేడమ్, ఇందాకే కళ్లు తెరిచారు! నన్ను చూసి నవ్వారు కూడా. ఎదురింటాయన వచ్చారు, పాపం, బుట్టెడు పళ్లు తెచ్చారు. అందులో అనాసపండు! దాని పేరే 'వచ్చి పడాలి' అన్నట్టు వినబడుతుందా, ఆసుపత్రికి ఎవరైనా అనాస తెస్తారా, ఇక ఇవాళ రోగులతో వార్డు కిటకిటలాడిపోదూ? దాన్ని బయటే పెట్టించాను. కానీ ఎందుకో మేడమ్, నన్ను చూసి నవ్వినావిడ ఆయన్ని చూడగానే గోడ వైపు తిరిగిపోయారు."

"నువ్వెక్కడున్నావిప్పుడు?"

"కౌంటర్ దగ్గర. ఆవిడకి గోరువెచ్చటి నీళ్లు కావాలని ఆయనే పంపారు. తలుపు కూడా ఆయనే వేసుకున్నారు, గాలి తగలకూడదట."

"నీళ్లు అక్కడే పారబోసి పరిగెత్తు తల్లీ! ఆ తలుపు తియ్యి!"

ఫోన్లో గ్లాసు పగిలిన చప్పుడు వినబడింది. పరిగెత్తే అడుగులు. ఆ తర్వాత, గడియ వేసిన తలుపు మీద దబదబ బాదుతున్న చేతులు.